సెలవు రోజు, సోఫా, అడవి: ఊళ్లో పెరిగినవాళ్లు ఏ ప్రకృతి కార్యక్రమం ఎంచుకోవాలి?

హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటూ, చిన్నతనం మాత్రం ఊళ్లో గడిచినవాళ్లు సెలవు పూట ప్రకృతి కార్యక్రమం పెట్టుకుని కూర్చుంటే మనసులో రెండు కోరికలు ఒకేసారి ఉంటాయి. ఎన్నడూ చూడనిది చూడాలని ఒకటి, ఎప్పుడో చూసినదే మళ్లీ చూడాలని ఇంకొకటి. మంచు చిరుత వేట మొదటి కోరికను తీరుస్తుంది. చెరువు గట్టున తుంగ మీద వాలిన తూనీగ రెండో కోరికను తీరుస్తుంది. రెండూ ఒకే కార్యక్రమంలో దొరుకుతాయని ఆశపడటం వల్లే రోజంతా టీవీ ముందు గడిపినా చివరికి ఏదో వెలితి మిగులుతుంది. కాబట్టి ఏ ఛానల్, ఏ యాప్ అన్నది తర్వాత చూద్దాం. ఈ పూట అబ్బురపడాలనుందా, ఊరు గుర్తుకు రావాలనుందా? ముందు అది తేల్చుకోండి.

కెమెరా ఎంత ఎత్తులో ఉంది?

చిన్నప్పుడు మనమెవరమూ ఊరిని ఆకాశం నుంచి చూడలేదు, మూడడుగుల ఎత్తు నుంచి చూశాం. తొలకరి పడ్డ మర్నాడు ఎర్ర నేల మీద పాకే ఆరుద్ర పురుగులు, బావి మీదికి వంగిన తుమ్మకొమ్మకు వేలాడే గిజిగాడి గూళ్లు, మడిలో కదలకుండా నిలబడ్డ కొంగ, మేతకు పోయే బర్రెల వెంట నడిచే గోరింకలు, మనిషి అలికిడి వినగానే గోల పెట్టే తీతువు పిట్ట. ఇవన్నీ దగ్గరగా, నిదానంగా, కింది నుంచి చూసినవే. అందుకే డ్రోన్ షాట్లతో నిండిన కార్యక్రమం ఎంత కంటికింపుగా ఉన్నా జ్ఞాపకాన్ని కదిలించదు. కెమెరాను నేల మట్టంలో పెట్టి, ఒక పురుగు ఆకు కొరకడాన్ని పావు నిమిషం పాటు చూపిస్తే చాలు, ఏళ్లుగా తలవని చేను ఒక్కసారిగా కళ్ల ముందుకొస్తుంది.

ఏ కార్యక్రమమైనా సోఫాలో కుదురుకోకముందే మూడు నిమిషాల్లో పరీక్షించుకోవచ్చు. మొదటి ఐదు నిమిషాలు వదిలేయండి, అక్కడుండేది ఊరించే ముక్కలే. ఆ తర్వాత ఒక నిమిషం షాట్లు మారే వేగం గమనించండి. మూడు నాలుగు సెకన్లకోసారి బొమ్మ మారుతుంటే అది ఉత్కంఠ కోసం తీసింది. ఎనిమిది, పది సెకన్లు నిలుస్తుంటే అందులో విశ్రాంతి ఉంది. రెండో నిమిషం కళ్లు మూసుకోండి. నీళ్ల చప్పుడో, కీచురాళ్ల మోతో వినపడుతోందా, లేక డోళ్లు, వయొలిన్లేనా? మూడో నిమిషం కెమెరా ఎత్తు చూడండి. మూడింటిలో రెండు నిదానం వైపు, నేల వైపు ఉంటే అది జ్ఞాపకాల పూటకు పనికొస్తుంది. లేకపోతే అబ్బురపడే పూటకు దాచుకోండి.

చప్పుళ్ల సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. పెద్ద పెద్ద సిరీస్‌లలో జంతువు అడుగుల సవ్వడి, గడ్డి నమిలే చప్పుడు లాంటివి చాలావరకు స్టూడియోలో చేసి అతికించినవే. జంతువుకు ఎంతో దూరం నుంచి పొడవైన లెన్స్‌తో తీస్తారు, ఆ దూరం నుంచి మైక్‌కు ఏదీ అందదు. స్లో మోషన్‌లో తీసిన షాట్లకు వాడుకోదగిన శబ్దమే ఉండదు. మంచు మీద నడక వినిపించడానికి మొక్కజొన్న పిండిని సంచిలో వేసి నొక్కుతారు. ఇందులో మోసమేమీ లేదు, ఆ కళ అలాగే పనిచేస్తుంది. కానీ చెవిలో ఊరి సాయంత్రం మోగాలంటే అక్కడికక్కడ రికార్డు చేసిన శబ్దమే కావాలి. అది పెద్ద సిరీస్‌లలో తక్కువ. లైవ్ కెమెరాల్లోనూ, పక్షి కూతల భాండాగారాల్లోనూ పుష్కలంగా దొరుకుతుంది.

పెద్ద సిరీస్‌లు: ఏది ఎవరికి?

బీబీసీ 2006లో తెచ్చిన ‘ప్లానెట్ ఎర్త్’ పదకొండు భాగాలు, 2016 నాటి రెండోది ఆరు భాగాలు. మొదటిది ఇప్పటి టీవీల మీద కాస్త మెత్తగా కనిపిస్తుంది, కానీ నడక నిదానం. కొండల భాగంలో మంచు చిరుత కొండమేకను తరమడం, హిమాలయాల మీదుగా వలస కొంగల బారులు సాగడం చూడాలి. రెండోదాంట్లో కెమెరా జంతువుతో పాటు పరుగెడుతుంది. కంటికి పండగే, కానీ కునుకు తీద్దామనుకున్న మధ్యాహ్నానికి పనికిరాదు. గలపగోస్ దీవుల్లో అప్పుడే పుట్టిన ఇగ్వానాను (ఒక రకం పెద్ద బల్లి) పాములు చుట్టుముట్టే దృశ్యం వస్తే చేతిలో చాయ్ చల్లారిపోవాల్సిందే. ఆ సిరీస్‌లో మనవాళ్లకు దగ్గరగా అనిపించేది చివరి భాగం, నగరాల మీద తీసింది. ముంబైలో రాత్రి తిరిగే చిరుతలు, జోధ్‌పూర్‌లో కొండముచ్చులు అందులో ఉన్నాయి. ఒక్క భాగమే చూసే వీలుంటే దాన్నే చూడండి.

పొలంలో పెరిగినవాళ్లకు మా మొదటి సిఫార్సు మాత్రం 2022లో వచ్చిన ‘ది గ్రీన్ ప్లానెట్’. ఐదు భాగాలు, అన్నీ మొక్కల మీదే. టైమ్‌లాప్స్‌లో రోజుల తరబడి జరిగే పెరుగుదల నిమిషంలో కనిపిస్తుంది. తీగ ఆధారం కోసం గాలిలో చేయి తిప్పుతూ వెతకడం, నీటి మొక్క పక్కవాటిని తోసేసి ఆకు పరుచుకోవడం చూస్తుంటే, పందిరి మీదికి బీర తీగను ఎక్కించినవాళ్లకు, కలుపు తీసి నడుము పట్టేసినవాళ్లకు అందులోని పంతం వెంటనే అర్థమవుతుంది. చివరి భాగంలో మనుషులు, పంటలు, కలుపు మొక్కలు కనిపిస్తాయి. వేటలు, నెత్తుటి దృశ్యాలు ఉండవు కాబట్టి అన్నం తింటూ కూడా చూడొచ్చు.

పురుగుల మీద ఇష్టం ఉన్నవాళ్లు 2005 నాటి ‘లైఫ్ ఇన్ ది అండర్‌గ్రోత్’ వెతకండి. ఇదీ ఐదు భాగాలే. బొమ్మ నాణ్యత పాతదే అయినా కెమెరా సరిగ్గా మనం చిన్నప్పుడు బోర్లా పడుకుని చూసిన ఎత్తులో ఉంటుంది. చీమల పుట్ట, సాలెగూడు ముందు గంటలు గడిపిన బాల్యం ఉన్నవాళ్లకు దీనికి మించింది లేదు.

నెట్‌ఫ్లిక్స్‌లో ఉన్న ‘అవర్ ప్లానెట్’ 2019లో వచ్చింది, మొత్తం ఎనిమిది భాగాలు. అందం ఎంత ఉందో, ప్రకృతికి జరుగుతున్న నష్టం గురించిన మాట అంత ఉంది. తెలుసుకోవాల్సిన విషయమే, కానీ సేదతీరే రోజున మొదట పెట్టుకుంటే మనసు బరువెక్కుతుంది. మంచు ప్రాంతాల మీద తీసిన రెండో భాగంలో వాల్రస్‌లు అనే భారీ సముద్ర జంతువులు కొండ అంచు నుంచి కింద పడే దృశ్యం ఉంది. పిల్లలు పక్కనుంటే ఆ భాగం వద్దు.

సముద్రం మీద తీసినవి, ధ్రువాల మీద తీసినవి మనకు జ్ఞాపకాలేవీ తేవు. అయినా మే నెల మధ్యాహ్నం, బయట నలభై డిగ్రీలు దాటినప్పుడు, ఏడు భాగాల ‘బ్లూ ప్లానెట్ 2’ కన్నా మంచి తోడు ఉండదు.

మన దక్కన్ నేల మీద తీసినవి

ఇవి తక్కువ, దొరికితే వదలొద్దు. ‘వైల్డ్ కర్ణాటక’ గంటలోపు సినిమా. ఇంగ్లీష్‌లో వ్యాఖ్యానం డేవిడ్ అటెన్‌బరోది, తెలుగులో ప్రకాశ్‌రాజ్‌ది. పులులు, ఏనుగులు, రాచనాగులు ఉన్నా, మహబూబ్‌నగర్, కర్నూలు, అనంతపురం వైపు పెరిగినవాళ్లను పట్టుకునేది ఆ నేల: రాళ్ల గుట్టలు, ముళ్ల పొదలు, వాన రాగానే ఒక్క వారంలో పచ్చబడే మెరక. తెలుగు గొంతుతో చూడటానికి ఇది అన్నిటికంటే మంచి ఎంపిక, ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే మరీ.

‘ది ఎలిఫెంట్ విస్పరర్స్’ నలభై నిమిషాలు. తమిళనాడులోని ముదుమలై అడవిలో ఏనుగు పిల్లల్ని సాకే దంపతుల కథ, 2023లో ఆస్కార్ అందుకుంది. పశువుల్ని ఇంట్లో మనిషిలా చూసుకున్న కుటుంబాల నుంచి వచ్చినవాళ్లు దీన్ని మామూలుగా చూడలేరు. సాకిన పిల్లను వేరే మావటికి అప్పగించే ఘట్టం దగ్గర, ఎడ్లను సంతకు తోలిన రోజు గుర్తుకొస్తుంది. దీన్ని సాయంత్రానికి ఉంచుకోండి. పొద్దున పెడితే మిగతా రోజంతా దాని నీడలోనే సాగుతుంది.

ఇక ఊరినే నేరుగా చూపించేవి. ఈటీవీ ‘అన్నదాత’, దూరదర్శన్ యాదగిరిలో వచ్చే రైతు కార్యక్రమాలు ప్రకృతి కార్యక్రమాల లెక్కలోకి రావని చాలామంది పక్కన పెడతారు. మా దృష్టిలో అది పొరపాటు. కెమెరా చేలోనే ఉంటుంది, మాట్లాడే మనిషి యాస మన జిల్లాది, కనిపించే పురుగు, తెగులు, కాలువ అన్నీ తెలిసినవే. కాలంతో పాటు నడుస్తాయి కూడా. మృగశిర కార్తె ముందు దుక్కి, విత్తనం. ఆ తర్వాత నాట్లు, కలుపు. చలికాలంలో శనగ, పల్లి. తెల్లవారి లేవలేనివాళ్లు తర్వాత ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు. యూట్యూబ్‌లో పల్లె ఛానళ్లకు కొదవ లేదు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి వచ్చే ‘మై విలేజ్ షో’ నవ్వించడానికి తీసినదే అయినా వెనక కనిపించే వాకిళ్లు, పశువుల కొట్టాలు, చెట్ల కింది ముచ్చట్లు అసలైనవి. వీటితో ఒకటే ఇబ్బంది: మాట, సంగీతం ఎడతెగకుండా సాగుతాయి. వాల్యూమ్ తగ్గించి చూస్తే చాలాసార్లు ఇంకా బాగుంటాయి.

లైవ్ కెమెరాలు: అక్కడ పగలుంటేనే

కునుకు పూటకు వీటికి సాటి లేదు. కథ లేదు, వ్యాఖ్యానం లేదు, పది నిమిషాలు నిద్రపోయి లేచినా ఏమీ పోదు. నార్వే ప్రజా ప్రసార సంస్థ ఎన్‌ఆర్‌కే 2009లో బెర్గెన్ నుంచి ఓస్లో దాకా రైలు ప్రయాణాన్ని ఏడు గంటలకు పైగా యథాతథంగా చూపించినప్పటి నుంచి ఈ నిదానపు టీవీకి అభిమానులు పెరుగుతూ వచ్చారు.

చాలామంది చేసే తప్పు, వేళ చూసుకోకుండా పెట్టడం. ఆఫ్రికాలోని నమీబియా మనకంటే మూడున్నర గంటలు వెనక. మనకు మధ్యాహ్నం రెండైతే అక్కడ పొద్దున పదిన్నర. నమీబ్ ఎడారిలోని నీటి గుంట దగ్గరికి ఓరిక్స్‌లు (పొడవాటి కొమ్ముల జింకల్లాంటివి), ఉష్ట్రపక్షులు నీళ్లకొచ్చే దృశ్యం మన భోజనానంతర నిద్రకు సరిగ్గా సరిపోతుంది. ఊరి చివర కుంట దగ్గరికి మధ్యాహ్నం మందలు దిగడం చూసినవాళ్లకు అది పరాయి దేశం అనిపించదు. అలస్కాలోని కట్మై నేషనల్ పార్క్‌లో బ్రూక్స్ జలపాతం దగ్గర ఎలుగుబంట్లు సాల్మన్ చేపల్ని పట్టే కెమెరా చాలా పేరున్నది. కానీ వేసవిలో అలస్కా మనకంటే పదమూడున్నర గంటలు వెనక. మన మధ్యాహ్నం, సాయంత్రం అక్కడ అర్ధరాత్రి, తెల్లవారుజాము. ఆ కెమెరాను మన పొద్దున ఏడున్నరకు పెడితే అక్కడ సాయంత్రం ఆరు, వెలుతురు బాగా ఉంటుంది. ఎలుగుబంట్లు గుంపుగా కనిపించేది జూలైలో, మళ్లీ సెప్టెంబర్‌లో. చలికాలంలో అవి నిద్రావస్థలో ఉంటాయి కాబట్టి పాత రికార్డింగులే నడుస్తాయి.

లైవ్‌కు నాలుగు వేల పిక్సెళ్ల హంగు అక్కర్లేదు. వీడియో నాణ్యత 720 పెట్టుకుంటే బొమ్మ ఆగకుండా నడుస్తుంది. చాట్ పట్టీ మూసేయండి, అది కదులుతుంటే మనసు కుదురుగా ఉండదు.

బొమ్మ లేకుండా శబ్దం ఒక్కటే

దీన్ని తక్కువగా అంచనా వేయొద్దు. జెనో-కాంటో అనే ఉచిత వెబ్‌సైట్‌లో ప్రపంచం నలుమూలల నుంచి పక్షి కూతలు ఉన్నాయి, రికార్డు చేసిన ఊరు, తేదీతో సహా. వెతికేటప్పుడు ఇంగ్లీష్ పేర్లు వాడాలి: గిజిగాడికి బాయా వీవర్, తీతువు పిట్టకు రెడ్ వాటిల్డ్ లాప్‌వింగ్, పాలపిట్టకు ఇండియన్ రోలర్, జెముడుకాకికి గ్రేటర్ కౌకల్. దేశం దగ్గర ఇండియా పెడితే మన వైపు రికార్డింగులు వస్తాయి. ఫోన్ స్పీకర్‌లో వినొద్దు. చిన్న బ్లూటూత్ స్పీకర్‌ను గదిలో మూలన, మీ చెవికి ఎదురుగా కాకుండా గోడ వైపు తిప్పి పెట్టండి. శబ్దం గోడకు తగిలి వస్తే దూరంగా ఎక్కడో పిట్ట కూస్తున్నట్టు ఉంటుంది. బాల్కనీలో మాత్రం వీటిని గట్టిగా పెట్టకండి. గూడు కట్టే కాలంలో ప్రత్యర్థి వచ్చిందనుకుని బయటి పక్షులు ఆందోళన పడతాయి, అనవసరంగా అలసిపోతాయి.

టీవీ, సెట్‌టాప్ బాక్స్, నెట్: ఎక్కడ చెడుతుంది?

డబ్బు ఖర్చు తక్కువలో కావాలంటే డీటీహెచ్ లేదా కేబుల్ ఛానళ్లే. సోనీ బీబీసీ ఎర్త్ 2017 మార్చిలో మన దేశంలో మొదలైనప్పుడే ఇంగ్లీష్, హిందీ, తమిళం, తెలుగు ఆడియోలతో వచ్చింది. డిస్కవరీ, నేషనల్ జియోగ్రాఫిక్‌లకూ తెలుగు ఆడియో ఉంది. చాలా ఇళ్లలో అది ఉందనే తెలియదు, బాక్స్ హిందీలోనో ఇంగ్లీష్‌లోనో ఉండిపోతుంది. రిమోట్ మీద ఆడియో లేదా లాంగ్వేజ్ మీట నొక్కితే భాషల పట్టీ వస్తుంది. మీట లేకపోతే మెనూలో సెట్టింగ్స్ కింద ఉంటుంది. ఛానల్ మారిస్తే మళ్లీ పాత భాషకు పోతుంటే, ఆ మెనూలోనే డిఫాల్ట్ భాషను తెలుగు చేయాలి. ఒకే ఛానల్ మామూలు రకం, హెచ్‌డీ రకంలో ఉండే భాషలు ఒకటి కాకపోవచ్చు, కాబట్టి ప్యాక్‌లో కలుపుకునే ముందు అడగండి. నిబంధనల ప్రకారం గంటకు పన్నెండు నిమిషాల దాకా ప్రకటనలు వేసుకోవచ్చు. అంటే గంట కార్యక్రమంలో మీకు దక్కేది నలభై ఎనిమిది నిమిషాలు, ఆ ప్రకటనల గోలలో సగం ప్రశాంతత పోతుంది. నిదానం కోసం కూర్చునేవాళ్లకు ఓటీటీయే మేలు.

ఓటీటీలో చూసుకోవాల్సింది ప్లాన్, డేటా. నెట్‌ఫ్లిక్స్ మొబైల్ ప్లాన్ టీవీలో రాదు, ఫోన్, ట్యాబ్‌లకే. హెచ్‌డీలో గంటకు 3 జీబీ దాకా, 4కేలో గంటకు 7 జీబీ దాకా ఖర్చవుతుంది. రోజుకు 2 జీబీ ఇచ్చే ఫోన్ డేటాను హాట్‌స్పాట్ చేసి టీవీకి ఇస్తే గంటలోపే ఆగిపోతుంది. బ్రాడ్‌బ్యాండ్ అయితే హెచ్‌డీకి 5 ఎంబీపీఎస్, 4కేకి 15 ఎంబీపీఎస్ నిలకడగా రావాలి. ఆదివారం సాయంత్రం అపార్ట్‌మెంట్ అంతా ఒకే లైన్ మీద పడితే వేగం తగ్గుతుంది. ముందు రోజు రాత్రే డౌన్‌లోడ్ చేసుకుంటే ఆ బెడద ఉండదు. తర్వాతి భాగం తనంతట తాను మొదలయ్యే ఆటోప్లేను తప్పకుండా ఆపేయండి. ఒక భాగం అయ్యాక పది నిమిషాల ఖాళీ ఉంటేనే జ్ఞాపకాలు మాటలవుతాయి.

బొమ్మ విషయంలో అందరికీ ఉపయోగపడేవి రెండు మార్పులు. పిక్చర్ మోడ్‌ను వివిడ్ నుంచి సినిమా లేదా ఫిల్మ్‌మేకర్‌కు మార్చండి. వివిడ్‌లో ప్రతి ఆకూ ఒకే చిలకపచ్చలో కనిపిస్తుంది. వరి నారుకు, పొట్టకొచ్చిన చేనుకు, చింత చిగురుకు ఉండే పచ్చ తేడా అందులో చచ్చిపోతుంది. గది వెలుతురుగా ఉండి బొమ్మ మసగ్గా అనిపిస్తే బ్యాక్‌లైట్ పెంచండి, బ్రైట్‌నెస్ కాదు. చాలా టీవీల్లో బ్రైట్‌నెస్ పెంచితే నలుపు బూడిదరంగవుతుంది, రాత్రి దృశ్యాలన్నీ వెలిసిపోతాయి. రెండోది, కదలికను నునుపు చేసే సదుపాయం. ఎల్‌జీలో ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో, శాంసంగ్‌లో ఆటో మోషన్ ప్లస్ అనే పేర్లతో ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే అడవి కూడా సీరియల్ సెట్టులా కనిపిస్తుంది, ఎగిరే పక్షి రెక్కల చుట్టూ మసక వలయం వస్తుంది. ఆపేయండి. పూర్తిగా ఆపితే పక్కకు జరిగే దృశ్యాలు గుంజినట్టుంటే అతి తక్కువ మెట్టులో ఉంచండి.

శబ్దంలో క్లియర్ వాయిస్ అనే అమరిక మనిషి గొంతును పెంచి మిగతా చప్పుళ్లను అణిచేస్తుంది. వినికిడి తగ్గిన పెద్దవాళ్లుంటే అది కావాల్సిందే. లేకపోతే తీసేయండి, ఎందుకంటే కీచురాళ్లు, ఆకుల గలగల అందులోనే మాయమవుతాయి. ఫ్యాన్ ఐదు మీద తిరుగుతున్నా అవి వినపడవు. రెండుకు తగ్గించండి. తినేవాటిలోనూ ఈ లెక్క ఉంది: సకినాలు, మురుకులు కొరికితే తలలో మోగే చప్పుడుకు తెర మీది సన్నని శబ్దాలు పోతాయి. ఉడకబెట్టిన పల్లికాయ మెరుగు. అరకిలో పచ్చి పల్లికాయను మట్టి పోయేలా మూడు సార్లు కడిగి, అంగుళం పైకి నీళ్లు, రెండు చెంచాల ఉప్పు వేసి కుక్కర్‌లో నాలుగు కూతలు రానివ్వాలి. వెంటనే వంచేస్తే గింజకు ఉప్పు పట్టదు, ఆ నీళ్లలోనే అరగంట వదిలేయాలి. ఎండిన కాయ అయితే ముందు రాత్రి నానబెట్టకపోతే గింజ గట్టిగా మిగులుతుంది.

రోజును ఎలా పంచుకోవాలి?

మొత్తం మీద నాలుగు గంటలకు మించి తెర ముందు కూర్చోకపోవడమే మంచిది. అంతకు మించితే కళ్లు చూస్తాయి కానీ మనసులోకి ఏదీ దిగదు. పొద్దున మెలకువ బాగా ఉన్నప్పుడు అబ్బురపరిచే పెద్ద సిరీస్‌లో ఒకే ఒక్క భాగం. భోజనం అయ్యాక లైవ్ కెమెరా, వాల్యూమ్ సగానికి. నాలుగున్నరకు చాయ్‌తో పాటు దక్కన్ సినిమానో, పల్లె కార్యక్రమమో. దీపాలు పెట్టాక, ఓపికుంటే, పక్షి కూతలు మాత్రం.

కాలాన్ని బట్టి కూడా మార్చుకోవాలి. ఆరుద్ర కార్తె జూన్ 21, 22 ప్రాంతంలో వస్తుంది. బయట వాన పడుతుండగా పురుగుల కార్యక్రమం చూడటం, డిసెంబర్‌లో చూడటం ఒకటి కాదు. శ్రావణ భాద్రపదాల్లో మొక్కలవి, దసరా నుంచి సంక్రాంతి దాకా వలస పక్షులవి, ఎండాకాలంలో సముద్రాలవి, మంచువి. చలికాలంలో పక్షుల కార్యక్రమం చూసిన మర్నాడు పొద్దునే అమీన్‌పూర్ చెరువుకు వెళ్లిరావచ్చు. 2016లో దానికి జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తింపు వచ్చింది. ఫోన్‌లో కార్నెల్ పక్షుల ప్రయోగశాల వారి ఉచిత యాప్ మెర్లిన్ ఉంటే, వినపడే కూతను బట్టి పక్షి పేరు చెబుతుంది. భారతదేశపు పక్షుల ప్యాక్‌ను ఇంటి వైఫైలోనే దించుకోవాలి, అక్కడ సిగ్నల్‌ను నమ్ముకోవద్దు. దూరం పోలేనివాళ్లకు జూబ్లీహిల్స్‌లో కేబీఆర్ పార్కు ఉంది, మాదాపూర్ శిల్పారామంలో పల్లె మ్యూజియం ఉంది.

పిల్లలుంటే మొదట మొక్కలవి పెట్టండి, వేటలున్నవి కాదు. మీ ఊరి మాట మధ్యలో చెబుతూ ఉంటే వాళ్లకు విసుగొస్తుంది. కార్యక్రమం అయ్యాక, తెర ఆపేసి చెప్పండి. ఇంట్లో అమ్మమ్మో, తాతయ్యో ఉంటే పద్ధతి దీనికి పూర్తిగా తిరగబడాలి. వాళ్లు మాట్లాడటం మొదలుపెట్టగానే కార్యక్రమాన్ని ఆపేయాలి, ఎందుకంటే మీకు కావాల్సినది తెర మీద లేదు, వాళ్ల నోట్లో ఉంది. “మీ రోజుల్లో ఎట్లుండేది?” అని అడిగితే “బాగుండేది” అనే జవాబే వస్తుంది. చిన్న ప్రశ్నలు వేయండి. మన చెరువులో ఏ చేపలు పడేవి తాతా, కొర్రమీను గాలానికి ఏం గుచ్చేవాళ్లు? గిజిగాడు ఏ చెట్టుకు గూడు కట్టేది? మోట బావి ఎప్పుడు ఎండింది? ఈత పళ్లకు ఎక్కడికి పోయేవాళ్లు, పాము కనిపిస్తే ఏం చేసేవాళ్లు? ఇలాంటివాటికి గంటసేపు చెబుతారు.

చెప్పేది రికార్డు చేసుకోండి. ఫోన్‌లోని వాయిస్ రికార్డర్ చాలు. ఫోన్‌ను వాళ్లకు రెండడుగుల లోపు, టవల్ లాంటి మెత్తటి గుడ్డ మీద పెట్టండి. గట్టి బల్ల మీద పెడితే ప్రతి తాకిడీ, గ్లాసు పెట్టిన చప్పుడూ రికార్డవుతుంది. ఫ్లైట్ మోడ్ వేయకపోతే మధ్యలో కాల్ వచ్చి రికార్డింగ్ ఆగిపోతుంది. ఫ్యాన్ కింద కాకుండా పక్కన కూర్చోబెట్టండి, టీవీని మ్యూట్ చేస్తే సరిపోదు, ఆపేయండి. ఇరవై నిమిషాలకు ఒక ఫైలుగా విడగొడితే తర్వాత వెతకడం తేలిక. ఫైలు పేరులో మనిషి, ఊరు, తేదీ, విషయం ఉండాలి. వాట్సాప్‌లో మామూలు ఆడియోగా పంపితే శబ్దం నాణ్యత తగ్గవచ్చు, డాక్యుమెంట్‌గా పంపండి. ఫోన్ పోతే ఉన్న ఒక్క కాపీ కూడా దానితో పోకుండా, అదే రోజు ఇంకో ఇద్దరి దగ్గర, ఒక పెన్‌డ్రైవ్‌లో దాచిపెట్టండి.